బస్సు కప్పు, డాక్టరు వేలు, నా చెవుడు

ఒక హెడ్మాస్టరు ఒక పళ్ల డాక్టరు వేలు కొరికాడు. ఆ నేరం నాది. నేను హెడ్మాస్టర్నీ కాను, డాక్టర్నీ కాను. హౌరాలో, షాలిమార్ గూడ్స్ యార్డుకి కాస్త ఇవతల ఒక రేకుల షెడ్డులో బస్సులకి బాడీలు కట్టి బతికినవాణ్ణి. ఇప్పుడు పని మానేశాను కాబట్టి తీరిగ్గా ఒప్పుకుంటున్నాను.

కోల్‌కతా న్యూ టౌన్ నుంచి మన తెలుగు పిల్లలు కొందరు ఆదివారాలు మా షెడ్డుకి వస్తూంటారు. పాత బడి బస్సు కొనుక్కుని, దాని కప్పు ఎత్తు పెంచి, లోపల మంచం, పొయ్యి అమర్చుకుని దేశం తిరగాలని వాళ్ల కోరిక. ఫోనులో వీడియోలు చూసి వస్తారు. నాకు తెలియని మాటలు చాలా వాళ్లకి తెలుసు. కానీ చివరికి అందరూ అడిగేది ఒకటే. "అంకుల్, మధ్యలో ఏ రేకు వెయ్యాలి?"

దానికి జవాబు నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలూ నలభై ఏళ్లుగా తెలిసి కూడా నేను తప్పు రేకు వేశాను. అది ఎలాగో చెప్పకుండా జవాబు మాత్రం చెబితే మీరు నాకంటే గొప్పగా తప్పు చేస్తారు. అనుమతుల కాగితాల గురించి ఇక్కడ రాయను. వాటి సంగతి బస్సు కొయ్యకముందే చూసుకోండి, అంతే.

ఉంగరం వేలు

మా నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి షాలిమార్‌లో మూటలు మోశాడు. నేను మూటలు మొయ్యకూడదని నన్ను ఒక బెంగాలీ మేస్త్రి దగ్గర పెట్టాడు. ఆయన్ని అందరూ బడోబాబు అనేవారు. రేకు పనిలో ఆయన్ని మించినవాడు ఆ వీధిలో లేడు.

బడోబాబుకి ఒక అలవాటు ఉండేది. కొట్లో రేకుల దొంతర ముందు నిలబడి, ఉంగరం ఉన్న వేలితో ఒక్కో రేకునీ కొట్టి, తల పక్కకి వంచి వినేవాడు. "ఇది పద్దెనిమిది గేజీ. ఇది ఇరవై. ఇది ఇరవై అని చెప్పి అమ్ముతున్న ఇరవైరెండు." కొట్టువాడు నోరు తెరిచేవాడు. పక్కనున్న ఖాతాదారు ఇంకా పెద్దగా తెరిచేవాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుంది. పద్దెనిమిది మందం, ఇరవైరెండు పల్చన. అంకె పెరుగుతుంటే సరుకు తగ్గడం ఈ వ్యవహారంలో మొదటి వింత. అనుభవం విషయంలో నేను కూడా అలాగే తయారయ్యాను.

నాకు ఆ విద్య తెగ నచ్చింది. బంగారం కొనలేక ఇత్తడి ఉంగరం కొన్నాను. వేలు ఆకుపచ్చగా మారినా తియ్యలేదు. కనిపించిన ప్రతి రేకునీ కొట్టాను. ట్రాముల్ని కొట్టాను. ఫెర్రీలో పక్కవాడి ట్రంకుపెట్టె కొట్టి తిట్లు తిన్నాను. కొన్నేళ్లకి నిజంగానే విద్య పట్టుబడింది. ఖాతాదార్లు నన్ను చూసి కూడా నోరు తెరవడం మొదలుపెట్టారు.

నేను పట్టించుకోని సంగతి ఒకటుంది. బడోబాబు అలా కొట్టి, చెప్పి, అందరూ ఆశ్చర్యపోయాక, పొగాకు నమలడానికన్నట్టు దొంతర వెనక్కి వెళ్లేవాడు. అక్కడ లాల్చీ జేబులోంచి మందం కొలిచే స్క్రూగేజీ తీసి, రేకు అంచు పట్టి కొలిచేవాడు. నేను రెండుసార్లు చూశాను. ముసలాయనకి చాదస్తం అనుకున్నాను. ఆయన దగ్గర నేను ఆట నేర్చుకున్నాను. పని ఆయన జేబులోనే ఉండిపోయింది.

నిమాయి

తర్వాత నాకు సొంత షెడ్డు వచ్చింది. నిమాయి నా దగ్గర వెల్డరుగా చేరాడు. ఇరవై ఏళ్లు చేశాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, మాట తక్కువ. నన్ను దాదా అనేవాడు, బెంగాలీలో అన్నయ్య అని. అతను అతికిన చోట చెయ్యి పెట్టి నిమిరితే అతుకు ఎక్కడుందో దొరకదు.

ఈ ఇరవై ఏళ్లలో మా ఇద్దరి మధ్య పని ఇలా పంచుకున్నాం: నేను ముందు నిలబడి మాట్లాడతాను, అతను వెనక ముసుగు వేసుకుని అతుకుతాడు. అందువల్ల ఖాతాదార్లకి నా మొహం తెలుసు, అతని ముసుగు తెలుసు. నేను మానేశాక షెడ్డు అతనే నడపాలని ఇద్దరం అనుకున్నప్పుడు ఈ ఇబ్బంది బయటపడింది. నిమాయి ఎవరో ఎవరికీ తెలియదు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాం. ఆఖరుగా ఒక మంచి పని చేద్దాం, అది నిమాయి చేశాడని నలుగురికీ చెబుదాం. దాన్ని చూసి వచ్చే ఏడాది పనులు అతనికి రావాలి. ఒక బడి యజమాని అప్పటికే తన రెండు బస్సులూ ఇస్తానన్నాడు, "ముందు ఇది ఎలా వస్తుందో చూస్తా" అని. నిమాయి బతుకంతా ఆ ఒక్క బస్సు మీద నిలబడిందన్నమాట. ఆ బస్సే నేను పాడు చేసింది.

ఆరడుగుల రెండంగుళాల డాక్టరు

ఘోషాల్ డాక్టరుబాబు పళ్ల వైద్యుడు. ఊళ్లు తిరిగి బళ్లలో పిల్లల పళ్లు చూడాలని పాత బడి బస్సు కొన్నాడు. బడి బస్సు పిల్లల కోసం కట్టింది. డాక్టరు ఆరడుగుల రెండంగుళాలు. లోపల నిలబడితే తల కప్పుకి తగిలేది. నెల రోజులు అలాగే వంగి పని చేసి నడుముకి పట్టీ కట్టుకున్నాడు. మా షెడ్డుకి వచ్చినప్పుడు కూడా ఆకాశం తగులుతుందేమో అన్నట్టు కాస్త వంగే నడిచాడు.

కప్పు ఎత్తడం అంటే ఇది. కిటికీల దగ్గర బస్సు స్తంభాల్ని చుట్టూ కోస్తాం. నాలుగు మూలలా జాకీలు పెట్టి కప్పుని ఒక్క ముక్కగా పైకి లేపుతాం. కోసిన స్తంభాల మధ్య కొత్త ఇనప ముక్కలు అతుకుతాం. అప్పుడు బస్సు నడుమున చుట్టూ అడుగున్నర ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని మూసే రేకు గురించే మీరు అడుగుతున్నారు.

ఎత్తు ఎంత కావాలో తెలుసుకోవడానికి డాక్టర్నే కొలబద్దగా వాడాం. ఆయన్ని బస్సు మధ్యలో నిలబెట్టి, కప్పు లేపుతూ పోయాం. ఆయన మెడ నిటారుగా వచ్చింది. తర్వాత నడుము వచ్చింది. "ఇంకో నాలుగంగుళాలు" అన్నాడు. ఎందుకని అడిగితే, సంతోషం వేస్తే ఎగరడానికి అన్నాడు. నిమాయి ముసుగు వెనక నవ్వడం నేను మొదటిసారి విన్నాను. అతుకులన్నీ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. అక్కడి వరకూ ఆ బస్సుకి ఏ లోపమూ లేదు.

ఇరవైరెండుని పద్దెనిమిది అన్న రోజు

రేకు కొనడానికి నేనూ నిమాయీ వెళ్లాం. తర్వాత ఈ రేకు వద్దని ఆయన అనకుండా డాక్టరుబాబుని కూడా తీసుకెళ్లాను. అంటే ప్రేక్షకుణ్ణి తీసుకెళ్లాను. ఆయన ముందు దొంతర దగ్గర నిలబడి, ఉంగరం వేలితో కొట్టి, తల పక్కకి వంచి, "పద్దెనిమిది" అన్నాను. డాక్టరు నోరు తెరిచాడు. ఎప్పుడూ ఎదుటివాళ్ల నోళ్లు తెరిపించే మనిషి తన నోరు తెరవడం చూసి నాకు పొంగు ఆగలేదు.

నిమాయి అదే రేకుని వేలితో తట్టాడు. నా దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు. "దాదా, ఇది పల్చన."

"నువ్వు అతుకు చూసుకో. రేకు సంగతి నాకొదిలెయ్."

"ఒకసారి కొలుద్దాం. కొట్లో స్క్రూగేజీ ఉంది."

డాక్టరు ఎదుట కొలవడమంటే నా చెవిని అనుమానించడమే. అక్కర్లేదన్నాను. కొట్టువాడి తప్పేమీ లేదు. నేను చూపించిన రేకే ఇచ్చాడు, అది ఫలానా గేజీ అని తన నోటితో అనలేదు. ఇంత అనుభవజ్ఞుడు కొట్టి మరీ ఎంచుకున్నాక వాడెందుకు మాట్లాడతాడు?

రేకు వేశాం, రంగు వేశాం. బస్సు పాలపిట్టలా మెరిసింది. డాక్టరు లోపల ఒకసారి ఎగిరి చూసుకుని తీసుకెళ్లిపోయాడు.

ఢబ్

వారం తిరక్కుండా ఫోను. బస్సు చప్పుడు చేస్తోందన్నాడు. రోడ్డు మీద కాదు, నిలబెట్టి ఉండగానే.

పల్చటి రేకుని బల్లపరుపుగా, పొడవుగా బిగిస్తే ఏమవుతుందో మీకు చెప్పాలి. ఎండ తగలగానే అది సాగుతుంది. సాగడానికి చోటుండదు. అందుకని ఒక్కసారిగా బయటికి ఉబ్బుతుంది: ఢబ్. మబ్బు రాగానే చల్లబడి లోపలికి పోతుంది: ఢబ్. నూనె డబ్బా అడుగుని బొటనవేలితో నొక్కి వదిలినట్టే, కాకపోతే డబ్బా ఇక్కడ బస్సంత. ఎండా మబ్బూ దాగుడుమూతలాడే రోజుల్లో ఆ బస్సు దుర్గాపూజలో ఢాక్ డోలు వాయిస్తున్నట్టే ఉండేది. ఊళ్లో పిల్లలు అది మబ్బుల్ని పసిగడుతుందని చుట్టూ చేరి పందేలు వేసుకునేవారట.

బయట ఉన్నవాళ్లకి అది వేడుక. లోపల కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాడికి కాదు. ఒక ఊళ్లో హెడ్మాస్టరు, పిల్లలకి ధైర్యం చెప్పడానికి తానే ముందు కూర్చున్నాడు. డాక్టరు దవడ పన్ను తడుముతుండగా మబ్బు తొలిగింది. ఢబ్ అంది. హెడ్మాస్టరు నోరు మూశాడు, మధ్యలో డాక్టరు వేలుంది. కిటికీ దగ్గర వరసలో నిలబడ్డ పిల్లలు ఇది చూసి ఒక్కడు మిగలకుండా పారిపోయారు. డాక్టరు బస్సు కరుస్తుందని ఒకటి, బస్సులో డాక్టర్ని కరవాలని ఒకటి, రెండు రకాలుగా వార్త పాకింది.

డాక్టరు వేలికి కట్టుతో మా షెడ్డుకి వచ్చాడు. ఎందుకిలా అయిందని అడిగాడు. నిమాయి ఆ రోజు లేడు, సామాన్లకి వెళ్లాడు. నేను నిజం చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట వేరే.

"అతుకు వేడికి రేకు లాగేసి ఉంటుంది డాక్టరుబాబూ. అప్పుడప్పుడూ అవుతుంటుంది. నిమాయి చెయ్యి కాస్త వేడి."

ఈ అబద్ధంలో దుర్మార్గం ఏమిటంటే అది సగం నిజం. వేడికి రేకు వంకర పోవడం ఉంది. నిమాయి చేతుల్లో మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్కసారి పోలేదు. డాక్టరు నమ్మాడు. ఆయన ద్వారా బడి యజమాని నమ్మాడు. తన రెండు బస్సులకీ వేరే వెల్డర్ని చూసుకుంటానని కబురు చేశాడు. ఆ కబురు నేనే నిమాయికి చెప్పాను. అతను సరే అని తల ఊపి, పని చేసుకున్నాడు. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే మరో అబద్ధం చెప్పేవాణ్ణే.

వంటింట్లో పరీక్ష

మర్నాడు మిగిలిన రేకుముక్కని ఎవరూ లేకుండా చూసి కొలిచాను. ముప్పాతిక మిల్లీమీటరు. పద్దెనిమిది గేజీ అయితే ఒకటీ పావుకి దగ్గర్లో ఉండాలి. పాత పద్దెనిమిది ముక్క ఒకటి వెతికి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఉంగరంతో కొట్టాను. రెండూ ఒకేలా మోగాయి.

ఇంటికొచ్చి వంటింట్లో గిన్నెలన్నీ దింపి వరసగా కొట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ రమణమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటయిందండీ మీకు? గిన్నెలేటి సేసాయి?"

రెండు మూతలు ఆమెకిచ్చి, ఏది ఎలా మోగుతోందో చెప్పమన్నాను. ఒకటి ఠంగుమంటోంది, ఒకటి ఠప్పుమంటోంది అంది. నాకు రెండూ ఠప్పే.

"కుక్కరు ఈల మీకు ఇనపడి రెండేళ్లయింది. పిలిస్తే పలకరు, టీవీ ఏమో ఈది సివరికి ఇనపడతాది. నేను సెప్తే కోపమని ఊరుకున్నాను. మీకెరుక లేదేటి?"

ఎరుకే. నలభై ఏళ్లు సుత్తి చప్పుళ్ల మధ్య బతికినవాడి చెవికి సన్నటి మోతలే ముందు పోతాయి. చెవి నాకంటే ముందే రిటైరయింది. నేను దానికి సెలవివ్వకుండా ఖాతాదార్ల ముందు నిలబెట్టాను. అంతవరకూ ముసలితనం. దాని తప్పుని నిమాయి చేతిమీదికి నెట్టడం ముసలితనం కాదు.

హప్పు హాహి

డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పేద్దామని నాలుగు రోజులు అనుకున్నాను. ఐదో రోజు దవడ పన్ను నొప్పి పుట్టింది. ఒప్పుకోవడానికి కదలని మనిషి పంటినొప్పికి వెంటనే కదిలాడు. బస్సు ఆ రోజు హౌరా పొలిమేరలో ఒక బడి దగ్గరుంది.

వెళ్లేసరికి నిమాయి అక్కడున్నాడు. అతుకులు చూడమని డాక్టరే పిలిపించాడట. రేకు మీద అరచెయ్యి ఆనించి, ఒక్కో గజం నొక్కుకుంటూ పోతున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేను గబగబా కుర్చీ ఎక్కాను.

డాక్టరు మత్తు సూది ఇచ్చాడు. నాలుక, పెదవి, సగం మొహం మొద్దుబారాయి. బుగ్గలో దూది కుక్కి, చేతిలో పరికరం తీసుకున్నాడు. కిటికీలోంచి నిమాయి వీపు కనిపిస్తోంది. లేని అతుకు తప్పుని వెతుకుతున్నాడు. ఎక్కడనుంచి వచ్చిందో ధైర్యం అప్పుడు వచ్చింది. ఇంతకంటే తెలివితక్కువ సమయం నా జీవితంలో లేదు.

"హేహు హల్హన. హప్పు హాహి. హిహాయిహి హాహు."

డాక్టరు ఎంతో దయగా "నొప్పా?" అన్నాడు. కాదని తల ఊపి మళ్లీ మొత్తం చెప్పాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆయన ఇంకో సూది ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే మబ్బు తొలిగింది. ఢబ్. ఆ బాడీ కట్టినవాణ్ణి, ఆ చప్పుడు వస్తుందని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి, కొరికాను. ఈసారి ఎడమ చెయ్యి.

మత్తు దిగడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. ఆ రెండు గంటలూ బస్సు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మనసు ఒక దారి చూపించింది: నువ్వు చెప్పేశావు, వాళ్లకి అర్థం కాకపోతే నీ తప్పా, ఇంటికి పో. నిజం చెబుతున్నాను, లేచి బస్టాపు దాకా నడిచాను. బస్సు కూడా వచ్చింది. దాని పక్క రేకు చూశాను. మంచి రేకు. ఎక్కకుండా వెనక్కి వచ్చాను.

నాలుక తిరగగానే ఇద్దర్నీ పిలిచి చెప్పాను. రేకు పల్చన. ఎంచింది నేను. నిమాయి వద్దన్నాడు. కొలుద్దామంటే నేనే వద్దన్నాను. నాకు చెవుడు. అతుకుల్లో తప్పు లేదని తెలిసే మీకు అబద్ధం చెప్పాను.

డాక్టరు రెండు చేతుల కట్లూ చూసుకున్నాడు. "ఇందాక కుర్చీలో చెప్పింది ఇదేనా?"

ఇదేనన్నాను.

"నేను ఇంకో సూది అడుగుతున్నారనుకున్నాను," అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, నిమాయి వైపు తిరిగి చేతులు జోడించాడు. నిమాయి నన్ను చూడలేదు. రేకునే చూస్తూ అన్నాడు.

"కొట్లో తట్టినప్పుడే తెలుసు. మీరు డాక్టరుబాబుకి ఏం చెప్పారో కూడా తెలుసు, ఆయనే చెప్పారు. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాను."

"చెప్పకపోయి ఉంటే?"

"రేకు మార్చేవాణ్ణి. మిమ్మల్ని దాదా అనడం మానేసేవాణ్ణి."

ఆ నాలుగు వాక్యాలు

ఇక మీరు అడిగినది. బస్సు కోసినప్పుడు వచ్చిన పాత రేకుముక్కని స్క్రూగేజీతో కొలవండి, కొత్తది దానికంటే పల్చన కాకూడదు. ఇనప బస్సుకి ఇనప రేకే వెయ్యండి, తేలిగ్గా ఉంటుందని అల్యూమినియం వేస్తే మన కోల్‌కతా తేమకి రెండూ కలిసిన చోట తినేస్తుంది. జింకు పూసిన రేకైతే తుప్పుకి మంచిదే, కానీ అతికే అంచున జింకు గీకెయ్యండి, ఆ పొగ పీలిస్తే జ్వరమొస్తుంది. ఎంత మందమైనా బల్లపరుపుగా వదలకండి, పొడవునా గాడి నొక్కించి, వెనక అడ్డబద్దలు పెట్టండి.

ఐదోది కూడా ఉంది. పక్కవాడు కొలుద్దామంటే కొలవండి.

పేరు

పాత రేకు ఊడదీసి పద్దెనిమిది గేజీ వేశాం. నిమాయి అతికాడు, నేను రేకు రెండో కొస పట్టుకున్నాను. మూడు రోజులు పట్టుకున్నాను. "కాస్త ఎడమకి, కాస్త పైకి" అని అతను చెబుతుంటే జరుపుతూ పోయాను. వేడిగా ఉందని అంటే, వదిలెయ్యమని కాదు, గుడ్డ చుట్టుకోమన్నాడు.

మధ్యలో ఒక మధ్యాహ్నం బడి యజమాని ఇంటికి వెళ్లి ఇదే కథ ఆయనకీ చెప్పాను. మూడోసారి చెప్పడం మొదటిసారికంటే తేలికేమీ కాదు. ఆయన స్వయంగా వచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో బస్సు పక్కన గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మబ్బులు వచ్చాయి, పోయాయి. బస్సు నోరు మెదపలేదు. వెళ్తూ తన రెండు బస్సులూ ఎప్పుడు పంపాలని నిమాయిని అడిగాడు, నన్ను కాదు.

మా వైపు బాడీ కట్టినవాడి పేరు బస్సు వెనక కిటికీ కింద రాయడం రివాజు. రంగులవాడు వచ్చి ఏ పేరు రాయాలన్నాడు. నిమాయి పేరు రాయమన్నాను. ఈ మాట చెప్పడానికి నేను లోలోపల చాలా సిద్ధపడ్డాను. నిమాయి ముసుగు పైకెత్తాడు.

"వద్దు దాదా. ఈ బండి ఇద్దరి వేళ్లు... కాదు, ఒకరి వేళ్లే రెండుసార్లు కొరికించింది. ఊళ్లన్నీ ఆ కథ చెప్పుకుంటున్నాయి. దీని మీద మీ పేరే ఉండనీండి. నా పేరు ఆ రెండింటి మీద రాయిస్తాను."

రంగులవాడు నా మొహం చూశాడు. రాయమన్నాను. నిమాయి దగ్గరుండి రాయించాడు, మామూలుగా రాసేదానికంటే రెట్టింపు అక్షరాలతో.